బ్రౌజర్‌కు మంచి ఓపెన్ సోర్స్ ఎక్స్‌టెన్షన్లు ఎంచుకోవడం ఎలా?

బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకోవడానికి రెండు క్లిక్కులు చాలు. ఆ రెండో క్లిక్కుతో ఏం అప్పగిస్తున్నామో మాత్రం చాలామంది చూసుకోరు. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు’ అనే పర్మిషన్ ఇచ్చామంటే మీరు తెరిచే బ్యాంకు పేజీ, రాసే మెయిలు, టైపు చేసే పాస్‌వర్డ్ అన్నీ దానికి కనిపిస్తాయి. అలాగని ఎక్స్‌టెన్షన్లు మానేయమని చెప్పను. మంచి యాడ్ బ్లాకర్ లేకుండా ఇవాళ వెబ్ వాడటం చిరాకే కాదు, ప్రమాదం కూడా. పేరున్న కంపెనీల్లా కనిపించే దొంగ ప్రకటనలు సెర్చ్ ఫలితాల్లోకి వస్తున్నాయని 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఏదైనా వెతికేటప్పుడు యాడ్ బ్లాకింగ్ ఎక్స్‌టెన్షన్ వాడమని అదే ప్రకటనలో సలహా ఇచ్చింది.

కాబట్టి పెట్టుకుందాం, కానీ చూసి పెట్టుకుందాం. నేను ఓపెన్ సోర్స్ వాటినే, అంటే కోడ్ అందరికీ కనిపించేలా బయట పెట్టినవాటినే వాడమంటాను. మీరూ నేనూ కూర్చుని ఆ కోడ్ అంతా చదవబోం, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ చదవగలిగినవాళ్లు ఎవరో ఒకరు చదువుతారు, తేడా కనిపిస్తే బయటపెడతారు. తయారుచేసినవాళ్లు చేతులెత్తేసినా, ఎవరికైనా అమ్మేసినా, ఇంకొకరు పాత కోడ్ తీసుకుని పని కొనసాగించగలుగుతారు. ఈ రెండూ ఇప్పటికే చాలాసార్లు జరిగాయి. ఎంపికలో ప్రతి మెట్టు దగ్గరా ఈ రెండు విషయాలనే గుర్తుపెట్టుకోండి.

1. ముందు బ్రౌజర్ సెట్టింగ్స్ చూడండి

మీకు ఇబ్బంది పెడుతున్నవి ఒక కాగితం మీద రాసుకోండి. ప్రకటనలు, పాస్‌వర్డ్‌లు గుర్తుండకపోవడం, రాత్రిపూట కళ్లు మంట, కుకీల గురించి అడిగే పెట్టెలు, ఇలా. స్టోర్‌లోకి వెళ్లి ‘ఏమున్నాయో చూద్దాం’ అని మొదలుపెడితే అక్కర్లేనివి పది దిగుతాయి.

ఇప్పుడు ఆ పట్టికలో బ్రౌజరే చేసిపెట్టేవి కొట్టేయండి. ఒకప్పుడు సైట్లను సురక్షితమైన కనెక్షన్‌లో తెరవడానికి హెచ్‌టీటీపీఎస్ ఎవ్రీవేర్ అనే మంచి ఎక్స్‌టెన్షన్ ఉండేది. దాన్ని నడిపిన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషనే 2023లో దాన్ని ఆపేసింది. పెద్ద బ్రౌజర్లన్నింటిలో ఆ సౌకర్యం సెట్టింగ్స్‌లోకి వచ్చేసింది కాబట్టి ఇక అవసరం లేదని చెప్పింది. ప్రైవసీ, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్‌నే వాడమనే ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేసుకోండి. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ ఆదా చేసే పని క్రోమ్ ఇప్పుడు తనే చేస్తుంది. పేజీకి స్క్రీన్‌షాట్ తీయడం ఫైర్‌ఫాక్స్‌లో రైట్ క్లిక్ మెనూలోనే ఉంది. ప్రకటనలూ మెనూలూ లేకుండా వ్యాసం ఒక్కటే చదువుకునే రీడింగ్ మోడ్ రెండింటిలోనూ ఉంది. వీటికోసం బయటి కోడ్‌ను లోపలికి రానివ్వాల్సిన పని లేదు.

మిగిలినవాటికే ఎక్స్‌టెన్షన్ వెతకండి.

2. నిజంగా ఓపెన్ సోర్సేనా?

వివరణలో ‘ఓపెన్ సోర్స్’ అని రాసుకుంటే సరిపోదు. ఫైర్‌ఫాక్స్ యాడ్‌ఆన్ల సైట్‌లో అయితే పని తేలిక. ఎక్స్‌టెన్షన్ పేజీలో కిందికి వెళితే వెర్షన్, సైజు, చివరి అప్‌డేట్ తేదీల పక్కనే లైసెన్స్ అని ఉంటుంది. అక్కడ జీపీఎల్, ఎంఐటీ, మొజిల్లా పబ్లిక్ లైసెన్స్, అపాచీ లాంటి పేరు ఉంటే మంచిది. ‘ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్’ అని ఉంటే అది ఓపెన్ సోర్స్ కాదు, వివరణలో ఏం రాసినా సరే.

క్రోమ్ స్టోర్ ఆ వివరం చూపించదు. అక్కడ డెవలపర్ సైట్ లింకు పట్టుకుని గిట్‌హబ్ లాంటి చోట ఉన్న కోడ్ పేజీకి వెళ్లాలి. వెళ్లాక మూడు చూడండి. ఒకటి, లైసెన్స్ అనే ఫైలు ఉందా? రెండు, అక్కడ నిజంగా కోడ్ ఉందా? కొందరు ఫిర్యాదులు తీసుకోవడానికి మాత్రమే అక్కడ పేజీ తెరుస్తారు. లోపల రీడ్‌మీ అనే ఒక వివరణ ఫైలు తప్ప ఏమీ ఉండదు. మూడు, స్టోర్‌లో ఉన్న వెర్షన్ నంబరు అక్కడి రిలీజుల్లో కనిపిస్తోందా? ఈ మూడోది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, ఎంత పనికొస్తుందో కింద చూడండి.

ఇంకో జాగ్రత్త ఉంది. ఒకప్పుడు ఓపెన్‌గా ఉండి తర్వాత మూసేసినవి ఉంటాయి. వెబ్ పేజీల్లో సొంత స్క్రిప్టులు నడుపుకునేందుకు బాగా పేరున్న టాంపర్‌మంకీ అలాంటిదే, ఇప్పటి కోడ్ బయటికి ఇవ్వరు. అదే పని చేసే వయొలెంట్‌మంకీ ఎంఐటీ లైసెన్స్‌తో ఓపెన్‌గా ఉంది.

3. ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

నా లెక్కలో ఇది అన్నింటికన్నా ముఖ్యమైన మెట్టు. లక్షల మంది వాడుతున్న ఎక్స్‌టెన్షన్ అంటే, కొన్నవాడికి లక్షల బ్రౌజర్లలోకి తాళం చెవి దొరికినట్టే. అప్‌డేట్లు వాటంతట అవే దిగిపోతాయి, మిమ్మల్ని అడగరు కూడా.

ది గ్రేట్ సస్పెండర్ అని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్ ఉండేది. ఓపెన్ సోర్సే, ఇరవై లక్షల మందికి పైగా వాడేవాళ్లు. దాన్ని చూసుకునే ఆయన 2020లో వేరేవాళ్లకు అప్పగించేశారు. ఎవరికిచ్చారో పేరు బయటికి రాలేదు. ఆ అక్టోబరులో స్టోర్‌లో 7.1.8 అనే వెర్షన్ వచ్చింది. గిట్‌హబ్‌లో చూస్తే ఆ నంబరుతో రిలీజే లేదు! బయట పెట్టిన కోడ్ ఒకటి, జనం బ్రౌజర్లలో నడుస్తున్నది ఇంకొకటి. వాడేవాళ్లలో కొందరు ఇది గమనించి, లోపల వేరే సర్వర్ నుంచి స్క్రిప్ట్ తెచ్చి నడిపే ఏర్పాటు ఉందని చూపించారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్వేర్‌గా గుర్తించి ఆపేసింది. అప్పటికే కొందరు పాడవని 7.1.6 కోడ్ తీసుకుని ది మార్వెలస్ సస్పెండర్ పేరుతో కొనసాగించారు.

అదే 2020 అక్టోబరులో, యాడ్ బ్లాకర్‌కు తోడుగా వాడే నానో డిఫెండర్ విషయంలోనూ ఇదే జరిగింది. అమ్మిన కొన్నాళ్లకే కొత్తవాళ్లు చేసిన మార్పులు వాడేవాళ్ల సమాచారాన్ని బయటికి పంపుతున్నాయని తేలింది. ఆ మార్పులను విప్పి చూపించినవారిలో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ తయారుచేసిన రేమండ్ హిల్ ఒకరు. ఫైర్‌ఫాక్స్ వెర్షన్ వేరే వ్యక్తి చేతిలో ఉండటంతో అది బతికిపోయింది. పేరు ఒకటే అయినా నడిపే చేతులు వేరు కావచ్చన్నమాట. వెబ్ పేజీల రంగులూ అక్షరాలూ మార్చే స్టైలిష్ కూడా చేతులు మారాక, వాడేవాళ్లు చూసే పేజీల చరిత్రంతా సేకరిస్తోందని 2018లో బయటపడింది. దాని పాత కోడ్ నుంచి పుట్టిన స్టైలస్ ఇప్పటికీ శుభ్రంగా నడుస్తోంది.

అందుకని పెట్టుకునే ముందు ఐదు నిమిషాలు ఇలా ఖర్చు పెట్టండి. కోడ్ పేజీలో చివరి మార్పు ఎప్పుడు జరిగిందో చూడండి. ఏడాదికి పైగా కదలిక లేకపోతే అనుమానించాలి. అయితే చిన్న పని చేసి ఊరుకునే ఎక్స్‌టెన్షన్‌కు తరచూ మార్పులు అక్కర్లేదు, ఆ తేడా గుర్తుంచుకోండి. ఫిర్యాదుల పేజీలో ‘యజమాని మారారు’, ‘కొత్త పర్మిషన్ ఎందుకు?’ లాంటి చర్చలు ఉన్నాయేమో వెతకండి. అడిగినవాళ్లకు జవాబులు వస్తున్నాయా, మౌనంగా ఉన్నారా చూడండి. జవాబు చెప్పే మనిషి ఉన్నాడంటే నాకు సగం టెన్షన్ తగ్గుతుంది. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కూడా ఆలోచించండి. విరాళాలు, ఒక సంస్థ జీతం, డబ్బు కట్టి వాడే అదనపు సౌకర్యాలు, ఏదో ఒక దారి కనిపించాలి. ఏ దారీ కనిపించకుండా లక్షల మందికి ఉచితంగా నడుస్తుంటే కాస్త ఆగి చూడండి.

స్టార్ రేటింగ్‌లను పెద్దగా నమ్మొద్దు. ఫైర్‌ఫాక్స్‌లో ‘రికమెండెడ్’ గుర్తుకు మాత్రం విలువ ఉంది, ఎందుకంటే వాటి ప్రతి అప్‌డేట్‌నూ ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా మనుషులు పరిశీలిస్తారు. క్రోమ్‌లో ‘ఫీచర్డ్’ గుర్తు ఉంటే మంచిదే, కానీ దాన్ని భద్రతకు హామీగా తీసుకోకండి.

4. దిగాల్సింది అసలుదే

స్టోర్ సెర్చ్‌లో పేరు కొడితే అచ్చం అలాంటి బొమ్మతో, ఒక అక్షరం తేడాతో నకిలీలు వస్తాయి. దీనికి తేలికైన దారి ఉంది. సెర్చ్‌ను నమ్మకుండా, కోడ్ పేజీలోని రీడ్‌మీలో ఇచ్చిన స్టోర్ లింకు నుంచే వెళ్లండి.

యూబ్లాక్ ఆరిజిన్ విషయంలో ఇది మరీ అవసరం. 2014లో యూబ్లాక్ పేరుతో దీన్ని మొదలుపెట్టిన రేమండ్ హిల్ 2015లో అసలు ప్రాజెక్టును ఇంకొకరికి అప్పగించారు. కొద్దికాలానికే తన దారిన తాను యూబ్లాక్ ఆరిజిన్ పేరుతో కొనసాగించారు. ‘ఆరిజిన్’ లేకుండా ఉత్త యూబ్లాక్ అని కనిపించేదానికీ దీనికీ ఇప్పుడు సంబంధం లేదు. హిల్ విరాళాలు కూడా తీసుకోరు. కాబట్టి ఆ పేరు మీద ఎవరైనా డబ్బు అడిగితే అది వేరే ఎక్స్‌టెన్షనే.

5. పర్మిషన్‌ను పనితో పోల్చండి

పెట్టుకునేటప్పుడు వచ్చే పర్మిషన్ల పెట్టెను చదవకుండా దాటకండి. ఆ ఎక్స్‌టెన్షన్ చేసే పనికి ఈ పర్మిషన్ కావాలా అని ఒక్క ప్రశ్న వేసుకోండి. యాడ్ బ్లాకర్ అన్ని సైట్లలోనూ పనిచేయాలి కాబట్టి అన్ని సైట్లూ చూడక తప్పదు. డార్క్ మోడ్‌దీ అదే పరిస్థితి. అదే ఒక్క వీడియో సైట్‌లో పనిచేసేది అన్ని సైట్ల అనుమతీ అడిగితే వద్దనండి.

పెట్టుకున్నాక కూడా తగ్గించవచ్చు. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి, ఒక్కోదాని వివరాల్లోకి వెళితే సైట్ యాక్సెస్ అని ఉంటుంది. అందులో ‘క్లిక్ చేసినప్పుడే’, ‘నేను చెప్పిన సైట్లలోనే’, ‘అన్ని సైట్లలో’ అని మూడు ఆప్షన్లు ఉంటాయి. పేజీని సేవ్ చేసేవి, అనువాదం చేసేవి లాంటివాటికి మొదటిది చాలు. ఎప్పుడో ఒకసారి వాడేది రోజంతా మీ పేజీలు చూస్తూ కూర్చోవాల్సిన అవసరం లేదు. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్‌ఆన్ పేరు నొక్కితే పర్మిషన్లకు విడిగా ఒక ట్యాబ్ ఉంటుంది, సైట్ల అనుమతిని అక్కడ ఆపుకోవచ్చు.

6. మొదట యాడ్ బ్లాకర్

ఒక్కటే పెట్టుకుంటానంటే యూబ్లాక్ ఆరిజినే పెట్టుకోమంటాను. ప్రకటనలతో పాటు మిమ్మల్ని సైటు నుంచి సైటుకు వెంబడించే ట్రాకర్లనూ, మాల్వేర్ ఉందని తెలిసిన చాలా చిరునామాలనూ ఆపుతుంది. పేజీలు తేలిగ్గా, త్వరగా తెరుచుకుంటాయి.

ఏ బ్రౌజర్ అన్నది ఇక్కడ ముఖ్యం. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలను మేనిఫెస్ట్ వీ3 పేరుతో మార్చింది. పాత పద్ధతిలో పేజీ పంపే ప్రతి రిక్వెస్ట్‌నూ ఎక్స్‌టెన్షనే చూసి ఆపాలో వద్దో తేల్చేది. కొత్త పద్ధతిలో నియమాల పట్టికను ముందే బ్రౌజర్‌కు ఇచ్చేయాలి, ఆపే పని బ్రౌజర్ చేస్తుంది. దాంతో పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ 2025 నాటికి క్రోమ్‌లో పనిచేయడం మానేసింది. క్రోమ్‌లో ఉండాల్సినవాళ్లకు అదే రచయిత చేసిన యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. రోజువారీ వాడకానికి బాగానే సరిపోతుంది. అయితే ఏవి ఆపాలో చెప్పే ఫిల్టర్ పట్టికలు ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తోనే కొత్తవి అవుతాయి కాబట్టి కొత్తరకం ప్రకటనలు కొన్నాళ్లు దాటుకు రావచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి వెర్షన్ ఇప్పటికీ నడుస్తోంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో కూడా. మీకు బ్రౌజర్ మార్చుకునే వీలుంటే, ఈ ఒక్క కారణానికైనా మార్చుకోవచ్చన్నది నా అభిప్రాయం.

పెట్టగానే ఏమీ మార్చకుండా కొన్నాళ్లు అలాగే వాడండి. ఏదైనా సైట్ సరిగా తెరుచుకోకపోతే ఐకాన్ నొక్కండి, పెద్ద పవర్ బటన్ కనిపిస్తుంది. అది నొక్కి పేజీ రీలోడ్ చేస్తే ఆ సైట్‌కు మాత్రం ఆగిపోతుంది. కంట్రోల్ కీ పట్టుకుని నొక్కితే ఆ ఒక్క పేజీకే ఆగుతుంది. దాని కింద మెరుపు గుర్తు ఉంటుంది. పేజీలో అడ్డం వచ్చినదాన్ని అప్పటికి తీసేయడానికి అది. డ్రాపర్ గుర్తుతో తీసేస్తే మాత్రం మళ్లీ వచ్చినప్పుడు కూడా కనిపించదు. మీకు నచ్చిన రచయితల సైట్లు ప్రకటనల మీదే బతుకుతుంటే, అక్కడ పవర్ బటన్ ఆపి ఉంచండి. ఆ నిర్ణయం మీ చేతిలో ఉండటమే మంచిది.

కుకీ పెట్టెల చిరాకు పోవడానికి ఇంకో ఎక్స్‌టెన్షన్ వెతకకండి. యూబ్లాక్ ఆరిజిన్ డ్యాష్‌బోర్డ్‌లో ఫిల్టర్ జాబితాల పేజీ తెరిస్తే కుకీ నోటీసులకు విడిగా జాబితాలు ఉంటాయి, టిక్ పెట్టి మార్పులు సేవ్ చేయండి. ఇవి ఆ పెట్టెను దాచేస్తాయి, అంతే. పెట్టెలో మీ తరఫున ‘వద్దు’ అని నిజంగా జవాబు చెప్పాలనుకుంటే డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన కన్సెంట్-ఓ-మాటిక్ ఉంది. అదీ ఓపెన్ సోర్సే.

రెండు యాడ్ బ్లాకర్లు పెడితే రెండింతలు రక్షణ రాదు. ఒకదాని పనికి ఇంకొకటి అడ్డం వచ్చి సైట్లు పాడవుతాయి, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. ట్రాకర్లను ఆపే ప్రైవసీ బ్యాడ్జర్ మంచి ఎక్స్‌టెన్షనే, కానీ యూబ్లాక్ ఆరిజిన్ ఉన్నచోట దాని అవసరం చాలావరకు తీరిపోతుంది.

7. తర్వాత పాస్‌వర్డ్ మేనేజర్

దీన్ని ఓపెన్ సోర్స్‌లోనే తీసుకోండి, ఇందులో రాజీ వద్దు. రెండు దారులున్నాయి. పాస్‌వర్డ్‌లు ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేలా ఉండాలంటే బిట్‌వార్డెన్ తీసుకోండి. మీ సమాచారం మీ పరికరంలోనే ఎన్‌క్రిప్ట్ (ఇతరులు చదవలేని రూపంలోకి) అయ్యాకే వాళ్ల సర్వర్‌కు వెళుతుంది. ఎవరి సర్వర్‌లోనూ ఉండకూడదనుకుంటే కీపాస్‌ఎక్స్‌సీ తీసుకోండి. అది కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్, మీ పాస్‌వర్డ్‌లు మీ దగ్గరే ఒక ఫైల్‌లో ఉంటాయి. దాని సెట్టింగ్స్‌లో బ్రౌజర్ ఇంటిగ్రేషన్ ఆన్ చేసి, బ్రౌజర్‌లో దాని ఎక్స్‌టెన్షన్ పెట్టి కలుపుకోవాలి. ఆ ఫైల్‌కు బ్యాకప్ తీసే బాధ్యత పూర్తిగా మీదే.

ఇప్పటికే బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదానిలోకి తెచ్చుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌లో పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో కనిపిస్తాయి! పని కాగానే ఆ ఫైల్‌ను తీసేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. తర్వాత బ్రౌజర్‌లో ‘పాస్‌వర్డ్‌లు సేవ్ చేయాలా’ అనే ఆప్షన్ ఆపేయండి, లేకపోతే ప్రతిసారీ రెండూ అడుగుతాయి.

పేజీ తెరవగానే దానంతట అదే పాస్‌వర్డ్ నింపే సెట్టింగ్‌ను ఆన్ చేయొద్దు. మీరు నొక్కినప్పుడే నింపాలి. ఇంకో లాభం చూడండి. ఎప్పుడూ వచ్చే లాగిన్ పేజీలో ఈసారి మేనేజర్ ‘ఈ సైట్‌కు ఏమీ లేదు’ అంటే, పాస్‌వర్డ్ వెతికి చేత్తో టైపు చేయకండి. ముందు అడ్రస్ బార్‌లో సైట్ పేరు అక్షరం అక్షరం చూడండి. కంటికి ఒకేలా కనిపించే దొంగ సైట్‌ను మేనేజర్ ఆ చిరునామా తేడాతోనే పట్టేస్తుంది.

8. మిగతావి అవసరాన్ని బట్టి

రాత్రిపూట చదివేవాళ్లకు డార్క్ రీడర్. ఆల్ట్, షిఫ్ట్, డి కలిపి నొక్కితే ఆన్, ఆఫ్ అవుతుంది. కంప్యూటర్ పాతదైతే పెద్ద పేజీలు నెమ్మదించవచ్చు, అప్పుడు దాని సెట్టింగ్స్‌లో వేరే మోడ్‌కు మార్చి చూడండి.

యూట్యూబ్ వీడియో మధ్యలో ‘ఈ వీడియో స్పాన్సర్ ఎవరంటే’ అని మొదలయ్యే భాగాలను దాటేయడానికి స్పాన్సర్‌బ్లాక్. ఎక్కడినుంచి ఎక్కడిదాకా దాటాలో వాడేవాళ్లే గుర్తుపెట్టి పంచుకుంటారు. మీరు చూస్తున్న వీడియో ఐడీని సర్వర్‌కు నేరుగా పంపదు. దాని హ్యాష్‌లోని (ఆ ఐడీ నుంచి లెక్కగట్టిన అక్షరాల వరుసలోని) మొదటి కొన్ని అక్షరాలే పంపి, వాటికి సరిపోయే వీడియోలన్నింటి వివరాలూ తెచ్చుకుని, మీదేదో మీ బ్రౌజర్‌లోనే చూసుకుంటుంది. ఎంత శ్రద్ధగా కట్టారో చూడండి!

ఒక పేజీని బొమ్మలతో సహా ఒకే ఫైల్‌గా దాచుకోవడానికి సింగిల్‌ఫైల్ ఉంది. రసీదులు, పోతాయేమో అనిపించే వ్యాసాలు దాచుకోవడానికి దీనికి సాటి లేదు. పని మధ్యలో సోషల్ మీడియాలోకి జారిపోయేవాళ్లకు లీచ్‌బ్లాక్ ఎన్‌జీ. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు మొజిల్లావారి మల్టీ-అకౌంట్ కంటైనర్స్ చూడండి. ఒకే సైట్‌లో రెండు అకౌంట్లు పక్కపక్క ట్యాబ్‌లలో తెరుచుకోవచ్చు, ఒక కంటైనర్ కుకీలు ఇంకోదానికి కనిపించవు.

9. పెట్టాక చూసుకోవాల్సినవి

ఒకేరోజు నాలుగైదు పెట్టకండి. ఒకటి పెట్టి రెండు మూడు రోజులు వాడాక ఇంకొకటి పెట్టండి. అప్పుడే ఏదైనా సైట్ పాడైతే కారణం ఏదో తెలుస్తుంది. బ్యాంకు పనులకు బ్రౌజర్‌లో విడిగా ఒక ప్రొఫైల్ చేసుకుని, అందులో పాస్‌వర్డ్ మేనేజర్ తప్ప ఏమీ పెట్టకండి. 2024 డిసెంబరులో దొంగ మెయిల్‌తో డెవలపర్ల అకౌంట్లలోకి చొరబడి, మంచి ఎక్స్‌టెన్షన్లకే పాడు అప్‌డేట్లు పంపిన దాడి ఒకటి జరిగింది. డెవలపర్ నిజాయితీపరుడైనా ఇలా జరగవచ్చు. ఎక్స్‌టెన్షన్లు తక్కువ ఉన్నకొద్దీ అలాంటి ముప్పు తగ్గుతుంది.

ఏదైనా ఎక్స్‌టెన్షన్ ఉన్నట్టుండి కొత్త పర్మిషన్ అడిగితే అక్కడే ఆగండి. అప్‌డేట్‌లో ముందుకన్నా ఎక్కువ అనుమతి అవసరమైతే క్రోమ్ దాన్ని ఆపి మిమ్మల్ని అడుగుతుంది. ఫైర్‌ఫాక్స్ మీరు ఒప్పుకునేదాకా పాత వెర్షన్‌నే ఉంచుతుంది. ఒప్పుకునే ముందు కోడ్ పేజీలో ఆ రిలీజు నోట్స్ చదవండి. కారణం స్పష్టంగా రాసి ఉంటే సరే. ఏమీ రాయకపోతే తీసేసి, ఎవరైనా ఫోర్క్ చేశారేమో (పాత కోడ్ తీసుకుని విడిగా కొనసాగిస్తున్నారేమో) వెతకండి.

రెండు మూడు నెలలకోసారి ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి, ఈమధ్య వాడనివి తీసేయండి. ఆపేసి ఉంచడంకన్నా తీసేయడం మేలు, కావాలంటే మళ్లీ పెట్టుకోవడానికి నిమిషం పట్టదు. మీరు మార్చుకున్న సెట్టింగ్స్ పోతాయని అనిపిస్తే ముందు బ్యాకప్ తీసుకోండి. యూబ్లాక్ ఆరిజిన్‌లో డ్యాష్‌బోర్డ్ మొదటి పేజీ అడుగున ఆ బటన్ ఉంటుంది, డార్క్ రీడర్‌లో కూడా సెట్టింగ్స్ ఎక్స్‌పోర్ట్ చేసుకునే వీలుంది. ఆ ఫైళ్లు దాచుకుంటే కొత్త కంప్యూటర్‌లోనూ అవే పనికొస్తాయి.